పాత ఆల్ఫా: పికప్ చూసి కొనాలా, నడక చూసి కొనాలా?

మీ ప్రశ్న ఏమిటో ముందు ఒకసారి చెప్పుకుందాం. మీరు మ్యూనిక్‌లో ఉంటున్నారు. రోజువారీ వాడకానికి ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ ఉంది. ఆదివారాలు నడుపుకోవడానికి పాత ఇటాలియన్ స్పోర్ట్స్ కారు కొనాలనుకుని రెండింటి దగ్గర ఆగారు. ఒకటి 1969 నాటి ఆల్ఫా రోమియో జీటీ 1300 జూనియర్, ఇంకొకటి 1973 నాటి జీటీవీ 2000. "రెండూ నా గోల్ఫ్ ముందు నిలవవు. కనీసం 2000లో పవర్ ఎక్కువ కాబట్టి అదే తీసుకోవాలా? అందరూ చెప్పే ఆ క్యారెక్టర్ నిజంగా ఉందా, లేక పాతదనం మీద మోజా?" అని అడిగారు.

ఉందండి. నేను పదహారేళ్లుగా టొరినోలో ఉంటున్నాను, గేర్‌బాక్సులే నా ఉద్యోగం. పదకొండేళ్లుగా నా దగ్గర ఒక 1300 జూనియర్ ఉంది. స్నేహితుడి 2000 జీటీవీని ఇద్దరం కలిసి రెండు చలికాలాలు కూర్చుని విప్పి మళ్లీ బిగించాం. మీరు చూసిన రెండు బండ్లూ చేతికి బాగా అలవాటైనవే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

ముందు లెక్కలు ఒప్పేసుకుందాం. జూనియర్ ఇంజన్ 1290 సీసీ, 89 హార్స్ పవర్. జీటీవీ 2000 ఇంజన్ 1962 సీసీ, 130 పైచిలుకు. మీ గోల్ఫ్ ఎనిమిదో తరం మొదట్లోదైతే 245. ఆ మాటకొస్తే 1975లో వచ్చిన ఫెరారీ 308 జీటీబీకి ఉన్నది 255. సున్నా నుంచి నూటికి వెళ్లే పందెంలో మీ గోల్ఫ్ దాని పక్కనే ఉంటుంది, రోడ్డు తడిగా ఉంటే ముందే ఉంటుంది. స్టాప్‌వాచ్ పట్టుకుంటే పాత బండి ఓడిపోతుంది, అందులో వాదన లేదు.

కానీ మనవాళ్లు బండి గురించి మాట్లాడేటప్పుడు రెండు మాటలు వాడతారు. పికప్ బాగుంది అంటారు, నడక బాగుంది అంటారు. ఎడ్లు కొనేటప్పుడు కూడా బలం వేరుగా, నడక వేరుగా చూసేవాళ్లు. మీరు క్యారెక్టర్ అంటున్నది దాదాపుగా ఈ నడకే. మీ చేతికీ కాలికీ బండి ఇచ్చే జవాబు అది. ఎంత వెంటనే ఇస్తుంది, ఎంత స్పష్టంగా ఇస్తుంది, మామూలు వేగంలో వెళ్తున్నప్పుడు కూడా ఇస్తుందా అన్నది చూడాలి. నాకు అన్నిటికంటే ముఖ్యం ఆ చివరిది.

టొరినో పక్కనే సుపెర్గా కొండ ఉంది. పైన పెద్ద చర్చి, కింద సస్సి నుంచి అక్కడికి ఎక్కే ఘాట్ రోడ్డు. ఆదివారం పొద్దున్నే ఆ రోడ్డు మీదికి వెళ్లడం నాకు అలవాటు. సగం ఎక్కాక ఒక కుడి మలుపు వస్తుంది, లోపలికి వెళ్లేకొద్దీ ఇంకా బిగుసుకునే రకం. జూనియర్‌లో దానికి ముందు బ్రేక్ వేసి, మూడో గేర్ నుంచి రెండులోకి దించుతూ మడమతో యాక్సిలరేటర్‌ని ఒక్కసారి తాకాలి. పెడల్స్ పైనుంచి వేలాడవు, నేలలోంచి లేస్తాయి, అందుకని పాదం వాటంగా తిరుగుతుంది. స్టీరింగ్ తిప్పగానే బండి ఒక పక్కకి ఒరుగుతుంది. ఆ ఒరుగుడు ఆగిన చోట బరువంతా ఎడమ చక్రాల మీద కూర్చుందని నడుముకి తెలుస్తుంది. ఇంకొంచెం వేగం ఉంటే ముందు టైర్లు జారబోతూ స్టీరింగ్ చేతుల్లో తేలికవుతుంది. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు రవ్వంత తీస్తే చాలు, ముక్కు మళ్లీ లోపలికి తిరుగుతుంది. ఇదంతా జరిగినప్పుడు స్పీడోమీటర్ 55 దగ్గర ఉంటుంది.

అదే మలుపులో 55 మీద మీ గోల్ఫ్‌కి ఏమీ అనిపించదు. మీకూ ఏమీ అనిపించదు. అది ఏదైనా చెప్పాలంటే 85, 90 మీద వెళ్లాలి. ఆ వేగంలో మలుపు అవతల సైకిల్ తొక్కేవాళ్లు ఎదురైతే మన దగ్గర చోటూ ఉండదు, టైమూ ఉండదు. కొత్త బండి హద్దులు చాలా ఎత్తులో ఉన్నాయి. మామూలు రోడ్డు మీద, చట్టానికి లోబడి, వాటి దరిదాపులకు కూడా మనం వెళ్లం. పాత ఆల్ఫా హద్దులు మనం రోజూ నడిపే వేగంలోనే ఉన్నాయి. అందుకే అందులో ప్రతి కిలోమీటరుకీ పని ఉంటుంది, ప్రతి పనికీ జవాబు ఉంటుంది.

ఇది ఎక్కడినుంచి వస్తుందో చెప్పాలంటే టైర్లతో మొదలుపెట్టాలి. జూనియర్‌కి ఫ్యాక్టరీలో వేసినవి 155 సైజు, 15 అంగుళాల టైర్లు. 2000కి 165, 14 అంగుళాలవి. ఇవాళ యూరప్‌లో చిన్న కుటుంబం కార్లలో చాలావాటికి కూడా అంతకంటే వెడల్పు టైర్లు వస్తున్నాయి. వెడల్పు టైరు గట్టిగా పట్టుకుని, వదిలేటప్పుడు ఒక్కసారిగా వదిలేస్తుంది. పక్కగోడ ఎత్తుగా ఉన్న సన్న టైరు ముందే చెప్పి, మెల్లగా, సాగుతూ వదులుతుంది. నా స్నేహితుడి జీటీవీ మా చేతికి వచ్చినప్పుడు పాత యజమాని దానికి 195 టైర్లు, పొట్టి గట్టి స్ప్రింగులు, సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు బుష్‌ల బదులు గట్టి ప్లాస్టిక్ బుష్‌లు వేయించి ఉన్నాడు. చూడ్డానికి రేసు బండిలా నేలకి అంటుకుని ఉండేది. గ్రిప్ కూడా నిజంగానే పెరిగింది. కానీ స్టీరింగ్ పార్కింగ్‌లో రాయిలా బరువు, రోడ్డు మీద మొద్దు. చిన్న గతుకు వస్తే బండి మొత్తం పక్కకి గెంతేది. ఏం జరుగుతోందో అర్థం కాక మావాడు నెల రోజుల్లోనే అమ్మేద్దామన్నాడు. అన్నీ విప్పి పాత కొలతల స్ప్రింగులు, రబ్బరు బుష్‌లు, 165 టైర్లు వేశాం. మొదటిరోజు బయటికి తీసుకెళ్లి తిరిగొచ్చాక వాడు ఇంజన్ ఆపి కాసేపు సీట్లోంచి లేవలేదు. "ఇది వేరే కారురా" అన్నాడు. ఇంజన్‌ని మేం ముట్టుకోలేదు. పనితనం కోసం పెట్టిన ఖర్చే ఆ బండి నోరు నొక్కేసింది. అందుకే బండి చూడ్డానికి వెళ్లినప్పుడు మీరు మొదట వంగి చూడాల్సింది టైర్ల మీద రాసిన అంకెలే.

స్టీరింగ్ సంగతీ చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పుస్తకాల్లో చదివింది మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఈ ఆల్ఫాల్లో ఉన్నది ఇప్పటి కార్లలో ఉండే ర్యాక్ అండ్ పినియన్ (పళ్ల కడ్డీని పళ్ల చక్రం నేరుగా జరిపే ఏర్పాటు) కాదు, పాతకాలం స్టీరింగ్ బాక్స్. ఇంజనీరింగ్ కాలేజీలో ఎవరిని అడిగినా ర్యాక్ మేలు అంటారు, నేనూ అనేవాణ్ణి. నడి మధ్యలో కొంచెం లూజు ఉంటుంది, నిజమే. కానీ బాక్స్ సరిగ్గా సర్ది ఉంటే చక్రం తిప్పడం మొదలైన క్షణం నుంచి బరువు క్రమంగా పెరుగుతూ వస్తుంది. పవర్ అసిస్ట్ లేదు, పైగా బండి బరువు జూనియర్‌కి వెయ్యి కిలోల లోపే, 2000కి వెయ్యి కాస్త దాటుతుంది. మీ గోల్ఫ్ దాదాపు 1,450. తేలిక బండిని తిప్పడానికి మోటారు సాయం అక్కర్లేదు. మధ్యలో మోటారు లేదు కాబట్టి రోడ్డు కబురు నేరుగా చేతికి వస్తుంది.

ఇక ఇంజన్. 1954లో జులియెట్టా స్ప్రింట్‌తో ఈ ట్విన్ క్యామ్ కుటుంబం మొదలైంది. ఆల్ఫా ఇంజనీరు ఒరాజియో సత్తా పులిగా నడిపించిన బృందం చేసిన పని అది. బ్లాక్, హెడ్ రెండూ అల్యూమినియం, పైన వాల్వులు తెరిచే రెండు క్యామ్‌షాఫ్ట్‌లు చైన్ మీద తిరుగుతాయి. ఎగ్జాస్ట్ వాల్వుల లోపల వేడి లాగడానికి సోడియం నింపి ఉంటుంది. ఆ రోజుల్లో మామూలు ఉద్యోగస్తుడు కొనగలిగే కారులో ఇవన్నీ పెట్టడం చిన్న విషయం కాదు. గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్లు రెండు, పక్కన పడుకుని ఉంటాయి, వాటికి మొత్తం నాలుగు గొంతులు, సిలిండర్‌కి ఒకటి చొప్పున. గాలిని తెరిచే రేకు సిలిండర్ నోటికి జానెడు దూరంలోనే ఉంది. మీరు కాలు నొక్కితే తీగ లాగుతుంది, రేకు తెరుచుకుంటుంది, గాలి లోపలికి వెళ్తుంది, అంతే. టర్బో బండిలో కాలు ముందు కంప్యూటర్‌కి చెప్పాలి, ఆ తర్వాత పైపుల్లో గాలి ఒత్తిడి నిండాలి. ఆ ఆలస్యం సెకనులో చిన్న భాగమే కావచ్చు. కానీ మలుపు మధ్యలో కాలు రవ్వంత తీసి రవ్వంత వేసే ఆట మొత్తం ఆ చిన్న భాగంలోనే ఉంది.

మీ రెండు బండ్ల మధ్య అసలు తేడా కూడా ఈ ఇంజన్‌లోనే ఉంది. జూనియర్‌లో బోర్ (సిలిండర్ వెడల్పు) 74 మిల్లీమీటర్లు, స్ట్రోక్ (పిస్టన్ వెళ్లే దూరం) 75. అంటే దాదాపు సమానం. జులియెట్టా నాటి కొలతలే ఇవి. 2000కి బోర్ 84, స్ట్రోక్ 88.5. అదే కుటుంబాన్ని అది సాగగలిగినంత సాగదీసి చేసిన ఇంజన్. పిస్టన్ ఎక్కువ దూరం వెళ్లి రావాలి కాబట్టి పై రెవ్వుల్లో, అంటే ఇంజన్ వేగంగా తిరిగేటప్పుడు, దానికి ఆయాసం. కిందనుంచి మాత్రం చక్కగా లాగుతుంది, నాలుగో గేర్లో వేసి వదిలేసినా కొండ ఎక్కేస్తుంది. జూనియర్ కింద నీరసం. నిమిషానికి మూడు వేల చుట్లు దాటాక మేలుకుంటుంది, నాలుగున్నర వేల నుంచి ఆరు వేల దాకా పాడుతుంది. ఆ ఆరు వేలు మీరు రోజూ వాడుకోవచ్చు, ఎందుకంటే కింది గేర్లలో 89 హార్స్ పవర్ మొత్తం వాడినా మీకు చలానా రాదు. రెండు గేర్లు కిందికి దించి, ఇంజన్‌ని పైన ఉంచి, వేగం పోగొట్టుకోకుండా మలుపులు కలుపుకుంటూ వెళ్లడం ఆ బండి నేర్పించే విద్య.

చేతికి తెలిసే విషయం చెప్తున్నాను కాబట్టి గేర్ గురించి కూడా వినండి. నాకు డ్రైవింగ్ నేర్పింది తెనాలిలో మా బాబాయ్, ఆయన ప్రీమియర్ పద్మినిలో. అది కూడా ఇటలీ గీసిన బండే, ఫియట్ 1100. స్టీరింగ్ పక్కన గేర్ రాడ్. "క్లచ్ కాలితో కాదు, చెవితో వదలాలిరా" అనేవాడు. ఇంజన్ గొంతు మారేదాకా ఆగు అని ఆయన ఉద్దేశం. ఇరవై ఏళ్ల తర్వాత ఆల్ఫా కొన్నప్పుడు ఆ పాఠమే పనికొచ్చింది. ఈ ఆల్ఫాల ఐదు గేర్ల బాక్సులో రెండో గేర్ సింక్రో (గేర్ పడేముందు వేగాలు కలిపే రింగు) బలహీనం. చల్లగా ఉన్నప్పుడు తొందరపెడితే గర్రుమంటుంది. నూనె వేడెక్కేదాకా మధ్యలో క్లచ్ ఒకసారి వదిలి, ఇంజన్ వేగం కలిపి మెల్లగా జరపాలి. అలా జరిపినప్పుడు రాడ్ నూనెలో జారినట్టు లోపలికి పోతుంది, ఆ తృప్తి వేరు.

ఫెరారీ 308లో ఇది ఇంకా తీవ్రం. మోదెనాలో నాకు తెలిసిన ఒక పెద్దాయన తన 308 ఇచ్చి, బొలోన్యా నుంచి ఫ్లారెన్స్ వైపు వెళ్లే ఫూతా కనుమ మీద నడపనిచ్చారు. తాళం చేతికి ఇస్తూ చెప్పింది ఒక్కటే: పావుగంట దాకా రెండో గేర్ జోలికి వెళ్లొద్దు, ఒకటి నుంచి నేరుగా మూడుకి వెయ్యి. చల్లటి గేర్ నూనె చిక్కటి పాకంలా ఉంటుంది, సింక్రో రింగు ఆ షాఫ్ట్ వేగాన్ని సర్దలేదు. బలవంతం చేస్తే అరిగేది ఆ రింగే. పావుగంట తర్వాత వేశాను. రాడ్ ఆ మెరిసే ఇనుప గాడిలో "టక్" మని తగిలి కూర్చుంది. ఆ చప్పుడు చెవికంటే ముందు అరచేతికి తెలిసింది. 308 గురించే మనం ఇంకొకటి గమనించాలి. 1980లో 308కి కార్బురేటర్లు తీసి ఇంజెక్షన్ పెట్టినప్పుడు యూరప్ మోడల్ పవర్ 255 నుంచి 214కి పడిపోయింది. 1982లో సిలిండర్‌కి నాలుగు వాల్వులు పెట్టాక మళ్లీ 240కి వచ్చింది. ఆ రెంటి మధ్య కాలం బండికి పవరూ తగ్గింది, కాలికి వచ్చే జవాబు కూడా మెత్తబడింది. నడక, పికప్ ఎప్పుడూ ఎదురెదురుగా ఉండవు. రెండూ కలిసే పెరగొచ్చు, కలిసే పోవచ్చు కూడా.

ఆల్ఫావాళ్లే 1965లో దీన్ని ఇంకో రకంగా చూపించారు. ఇదే జీటీకి పైరేకులు అల్యూమినియంవి వేసి జీటీఏ అని తెచ్చారు. రోడ్డు మోడల్ పవర్ 115 మాత్రమే, కానీ బరువు 745 కిలోలు. ఆ బండి ఆల్ఫా రేసు విభాగం ఆటోడెల్టా చేతుల్లో యూరోపియన్ టూరింగ్ కార్ ఛాంపియన్‌షిప్‌లు గెలిచింది. మలుపులో లోపలి ముందు చక్రం గాల్లోకి లేచిన దాని ఫోటోలు మీరు చూసే ఉంటారు.

లాంచియా ఫుల్వియా గురించి కూడా ఒక మాట, ఎందుకంటే మీ బడ్జెట్‌లో అది కూడా దొరకొచ్చు. ముందు చక్రాలు లాగే బండి, నాలుగు సిలిండర్లు ఇరుకు వీ ఆకారంలో పక్కకి వాలి ఉంటాయి. 1972 మాంటే కార్లో ర్యాలీలో సాండ్రో మునారి ఫుల్వియా 1.6 హెచ్ఎఫ్‌తో ఫ్రెంచి ఆల్పైన్‌లనీ పోర్షా 911లనీ వెనక్కి నెట్టాడు. వాటికున్న పవర్ దానికి లేదు. మంచు మీద తర్వాత క్షణం బండి ఏం చేస్తుందో డ్రైవర్‌కి తెలియడమే అక్కడ బలం. నేను నడిపిన ఫుల్వియా గేర్ రాడ్ పొడవుగా ఉన్నా ఎక్కడా తడబాటు లేదు.

అలాగని పాత ఇటాలియన్ బండి అంటే చాలు, నడక దానంతట అదే వస్తుందనుకోకండి. ఉదాహరణకి ఆల్ఫావాళ్లదే జీటీవీ6 చూడండి. ఆల్ఫా ఇంజనీరు జుసెప్పె బుస్సో చేసిన 2.5 లీటర్ల, ఆరు సిలిండర్ల వీ6 ఇంజన్, దాని గొంతు విన్నాక మరిచిపోవడం కష్టం. కానీ బరువు సమానంగా పంచడం కోసం గేర్‌బాక్స్, క్లచ్ రెండూ వెనక ఇరుసు దగ్గర పెట్టారు. గేర్ రాడ్ నుంచి అక్కడిదాకా పొడుగాటి లింకేజీ. కీళ్లు అరిగిన బండిలో గేర్ వేస్తుంటే గంజిలో గరిటె తిప్పినట్టే ఉంటుంది. పొడవైన షాఫ్ట్ మీది రబ్బరు జాయింట్లు అరిగితే సీటు కింద వణుకు. స్టీరింగ్, బ్యాలెన్స్ మాత్రం అద్భుతం. ఇంజన్ పాట విని మురిసిపోయి కొని, గేర్ దగ్గర విసిగిపోయి అమ్మేసినవాళ్లని ఇద్దరిని చూశాను. కేవలం చప్పుడు విని కొనొద్దు.

ఇప్పుడు మీ సంగతి. మీరు ఎక్కడ నడుపుతారన్నదే నిర్ణయిస్తుంది. మ్యూనిక్ నుంచి కొఖెల్ సరస్సు దాకా వెళ్లి కెసెల్‌బెర్గ్ ఎక్కి వాల్హెన్ సరస్సు పక్కన కాఫీ తాగి రావడమే మీ ఆదివారం అయితే జూనియర్ తీసుకోండి. ఆ మలుపులకు అది సరిగ్గా సరిపోతుంది. భార్యాపిల్లలతో ఆటోబాన్ ఎక్కి బ్రెన్నర్ దాటి గార్డా సరస్సు దాకా వెళ్లాలనుంటే 2000 తీసుకోండి. జూనియర్‌లో 130 మీద రెండు గంటలు వెళ్తే ఇంజన్ హోరుకి చెవులు అలిసిపోతాయి, లారీ పక్కనుంచి వెళ్తే బండి ఊగుతుంది. ఈ రెంటికీ మధ్య సైజు ఇంజన్ ఉన్న మంచి 1750 జీటీవీ ఎవరైనా చూపిస్తే అది కూడా నడిపి చూడండి. నాకు తెలిసిన మెకానిక్కులు చాలామంది ఈ కుటుంబంలో అన్నీ సమపాళ్లలో కుదిరింది దానికేనంటారు, నాకూ అదే అనిపిస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం మిమ్మల్ని నొక్కి చెప్పాలి. ఈ బండ్లలో ఏబీఎస్ లేదు, ఎయిర్‌బ్యాగ్ లేదు. డిస్క్ బ్రేకులు నాలుగు చక్రాలకీ ఉన్నా గోల్ఫ్ ఆగిన చోట ఇవి ఆగవు. ముందు బండికి రెట్టింపు దూరం ఉంచండి. వానలో పిల్లల్ని కూర్చోబెట్టుకుని వెళ్లొద్దు. నేను వెళ్లను.

బండి చూడ్డానికి వెళ్లేటప్పుడు అమ్మేవాళ్లకి ముందే ఫోన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేసి ఉంచొద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చల్లగా ఉందో లేదో చూడండి. టార్చి తీసుకెళ్లండి. తలుపుల కింది సిల్స్, జాకీ పెట్టే చోట్లు, డిక్కీలో స్టెప్నీ గుంత, ముందు బంపర్ కింది రేకు, వీటిలో తుప్పు వెతకండి. సిల్స్ లోపల రేకు పొరలు పొరలుగా ఉంటుంది, పైన కొత్త పెయింట్ మెరుస్తున్నా లోపల పిండి అయి ఉండొచ్చు. ఇంజన్ అరిగితే డబ్బుతో పోతుంది, బాడీ పుచ్చిపోతే డబ్బుతో పాటు ఏళ్లు కూడా పోతాయి. రేడియేటర్ మూత తీసి మజ్జిగ రంగు జిడ్డు ఉందేమో చూడండి. ఉంటే హెడ్ గాస్కెట్ పని ఉందని అర్థం. తర్వాత చల్ల ఇంజన్‌తోనే బయల్దేరి, రెండు వీధులు దాటాక మూడు నుంచి రెండులోకి మెల్లగా ఒకసారి, మామూలు వేగంతో ఒకసారి దించండి. మెల్లగా దించినప్పుడు కూడా గర్రుమంటే సింక్రో మార్చే ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి.

ఇంజన్ పూర్తిగా వేడెక్కాక పక్క సీట్లో యజమానిని కూర్చోబెట్టుకుని, ఖాళీగా ఉన్న వంకర రోడ్డు మీద ఇరవై నిమిషాలు నడపండి. రేడియో వద్దు, మాటలు వద్దు. 50, 60 మీదే వెళ్లండి. రెండు బండ్లనీ ఒకే రోజు నడిపితే ఇంకా మంచిది. వచ్చాక టైర్ల సైజు, మూడు నుంచి రెండు గేర్ సంగతి, సిల్స్ కింది ఫోటోలు ఇక్కడే పెట్టండి. ధర సంగతి అప్పుడు మాట్లాడుకుందాం.